కారు కప్పుకు బాప్తిస్మపు గుడ్డ

ఆకాశాన్ని తెరలా పరిచి, స్తంభం లేకుండా, మేకు లేకుండా, ఇన్ని యుగాల ఎండకు ఒక్క అంగుళం కూడా జారనివ్వకుండా పట్టుకున్న దేవునికి స్తోత్రం. ఆ తెర కింద మస్కట్ కొండల్నీ, మబేలా సందుల్నీ, ఆ సందుల్లో మూడు మిషన్ల టైలరింగ్ షాపులో నన్నూ ఉంచి, చేతికి కత్తెరా కంటికి చూపూ ఇచ్చిన ఆయన నామానికి మహిమ. తన గుడారానికి తెరలు ఎన్ని మూరలుండాలో, తెరలు కలిపే కొలుకులు అంచుకు ఎన్ని కుట్టాలో కూడా చెప్పి చేయించుకున్న దేవుడు ఆయన. గుడ్డ పని ఆయనకు ఎప్పుడూ చిన్న పని కాదు.

ఈ మాటలు ముందే రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇక రాసేదంతా కోపంతో రాస్తున్నాను. కోపపడండి కానీ పాపం చెయ్యకండి అని వాక్యం చెబుతోంది. అందులో మొదటి సగం నాకు బాగా వచ్చు.

మా తెలుగు సంఘానికి ఒక పాత కారు ఉంది. రుస్తాఖ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి ఊరికి వెళ్ళిపోయిన ఒక సహోదరుడు, సంఘం పనికి వాడమని, దాన్ని మా సంఘ పెద్ద పేరు మీదికి మార్చి వెళ్ళాడు. ఇక్కడ మాకు ఆరాధన శుక్రవారం. రూవిలో చర్చి కాంపౌండులో పొద్దున్న పూట మాకు హాలు ఇస్తారు. మబేలా నుంచి అక్కడికి ముప్పావు గంట. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకి బస్సెక్కి రావడానికి యజమానులు ఒప్పుకోరు. గేటు దగ్గరికి కారు వచ్చి, మళ్ళీ గేటు దగ్గరే దింపుతుందంటే ఒప్పుకుంటారు. ఆ కారు కదలకపోతే వాళ్ళకి శుక్రవారం లేదు.

నడిపేది సంఘ పెద్దే. అందరం అన్నగారూ అంటాం. ఒక కంపెనీలో స్టోర్ కీపరు. ఆయన ప్రార్థన మొదలుపెడితే హాల్లో ఫ్యాన్ చప్పుడు కూడా వినబడదు. మంచివాడు కాదని నేను అనను. కానీ కారులో ఆయన పెట్టిన ఏర్పాటు ఇది: వెనక సీట్లో నలుగురం ఆడవాళ్ళం ఇరుక్కుని కూర్చోవాలి, ముందు సీట్లో సంఘం కీబోర్డు కూర్చుంటుంది. పరాయి స్త్రీ పక్కన కూర్చుంటే సాక్ష్యం, అంటే విశ్వాసిగా ఉన్న మంచి పేరు, పాడవుతుందట. వెనక నాలుగో మనిషికి బెల్టు లేదు. కీబోర్డుకి ఉంది.

నలుగురిలో చిన్నది, చిక్కిపోయినది ఒక కోనసీమ అమ్మాయి. రక్త సంబంధం ఏమీ లేదు, పిలుపుకి చెల్లి. మబేలాలో ఒక ఒమానీ కుటుంబం ఇంట్లో వంటా ఇల్లూ చూస్తుంది. శుక్రవారానికీ శుక్రవారానికీ మధ్య ఆ పిల్ల గేటు దాటేది చెత్తడబ్బా దాకానే. చిన్నప్పటి నుంచీ ఆయాసం. చల్లగాలి తగిలినా, దుమ్ము తగిలినా ఛాతీలో పిల్లికూతలు. అయినా పాట ఎత్తుకునేది తనే. కారు ఎక్కగానే, "అక్కా, మొదలెట్టేద్దామా, ఆయ్" అనేది, మేమింకా చున్నీలు సర్దుకోకముందే.

పోయినేడు ఎండాకాలంలో కారు లోపలి కప్పు గుడ్డ జారడం మొదలైంది. ముందు వెనక అద్దం దగ్గర చిన్న బొడిపెలా. తర్వాత మా తలలకి తగిలేటంత కిందికి. వేలితో నొక్కి చూశాను. గుడ్డకీ పైనున్న అట్టకీ మధ్య ఉండే పల్చటి స్పాంజి ఎండకి చివికిపోయి, చోడిపిండిలా రాలుతోంది. గోధుమరంగు పొడి, కాస్త జిగట. చున్నీల మీద పడేది, కళ్ళల్లో పడేది, పాట పాడుతుంటే నోట్లో పడేది. ముందు భాగం మాత్రం చెక్కు చెదరలేదు. అన్నగారి నెత్తి మీదా, కీబోర్డు నెత్తి మీదా కప్పు బిగుతుగానే ఉంది.

చెప్పాం. రెండు వారాల తర్వాత ఆయన సండే స్కూలు చార్టులకు గుచ్చే రంగు పిన్నులు తెచ్చి కప్పు నిండా గుచ్చాడు. ఎర్రవి, పచ్చవి, పసుపువి.

"నక్షత్రాల్లా లేవూ?" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. పిన్నులు వారం తిరక్కుండా ఒక్కొక్కటే రాలడం మొదలుపెట్టాయి. ఒకటి ఒక అక్క మెడలో దిగింది. పొడి ఆగలేదు. మళ్ళీ చెప్పాం.

అప్పుడు ఆయన అన్న మాట ఇది. అద్దంలోంచి మావైపు చూసి, నిజంగా ఓదార్పుగా అన్నాడు: "ఎలాగూ ముసుగులుంటాయి కదమ్మా మీకు. తల మీద పడితే పడనీ, దులిపేసుకుంటే పోతుంది."

మేం ముసుగు వేసుకునేది దేవుని ముందు. స్పాంజి పొడి కోసం కాదు. ఆ మాట నాకు అప్పుడే తోచింది. అనలేదు. చెల్లి చున్నీని ముక్కు దాకా లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

ఈ మార్చిలో ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక అన్నగారు అందరి ముందూ ప్రకటించాడు, కప్పు బాగు చేస్తామని. గుడ్డ ఎక్కడిది? నా దగ్గరిది. సంఘంలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళకి తెల్ల అంగీలు కుట్టేది నేనే. ఆ పాప్లిన్ నాలుగు మీటర్ల దాకా షాపులో అరలో మిగిలి ఉంది.

"దేవుని పనికి తెచ్చిన గుడ్డ. దేవుని పనికే వాడదాం," అన్నాడు.

"ఆమెన్!" అన్నారు అందరూ.

నేను టైలర్ని. పాప్లిన్‌కి మందం లేదనీ, వెనక జిగురు పూస్తే ముందుకి మరక దిగుతుందనీ, కారు కప్పుకి స్పాంజి అతికించి వచ్చే గుడ్డే కావాలనీ నాకు తెలుసు. మాట నోటి దాకా వచ్చింది. కానీ మా సంఘంలో ఆమెన్ అన్న తర్వాత 'కానీ' అనడం ఎవరికీ అలవాటు లేదు. నేనూ ఆమెన్ అన్నాను. పైగా, నేను కుట్టే అంగీల గుడ్డ కారుకు కప్పవుతుందంటే లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మర్నాడు శనివారం పొద్దున్నే, షాపు తెరవకముందు, అన్నగారి బిల్డింగ్ పక్క ఖాళీ జాగాలో పని మొదలుపెట్టాం. ముందు ప్రార్థన. తర్వాత ఒక పాట. పాత గుడ్డ లాగేస్తే చాలా వరకు ఊడి వచ్చింది, స్పాంజి మాత్రం కప్పంతా పొరలా మిగిలింది.

"ఇదంతా గీకెయ్యాలండి," అన్నాను.

"గీకుతూ కూర్చుంటే మధ్యాహ్నం అవుతుందమ్మా. ఎండ చూడు. పైన కొత్తది వేసేస్తే లోపలిది ఎవరు చూస్తారు?"

గీకలేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబ్బా జిగురు పుచ్చిన స్పాంజి మీదే కొట్టాం. కొట్టిన వెంటనే, తడి మీదే, పాట పాడుకుంటూ గుడ్డ అదిమేశాం. అరగంటలో కప్పు పాలలా తెల్లగా అయింది. అన్నగారు ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దేవునికి మహిమ అని రాశాడు. వరసగా ఆమెన్లు వచ్చాయి, వాటిలో ఒకటి నాది. సాయంత్రానికి జిగురు మరకలు బయటపడ్డాయి, టీ ఒలికిన దుప్పటిలా. వాటికి ఎవరూ ఫోటో తీయలేదు.

ఆ తర్వాతి శుక్రవారం ఆరాధన జరిగిన మూడు గంటలూ కారు రూవి ఎండలో నిలబడింది. తిరుగు ప్రయాణంలో, హైవే మీద, చెల్లి రెండో చరణం ఎత్తుకుంటుండగా కప్పు గుడ్డ మొత్తం, అంచుల్లో తప్ప, ఒక్కసారిగా ఊడి మా నలుగురి మీద పడింది. ఉట్టి గుడ్డ కాదు. జిగురుతో పాటు కొత్త గుడ్డ ఆ పాత స్పాంజిని చాలా వరకు అట్ట నుంచి పెళ్ళగించుకుని వచ్చింది. ఏమీ కనబడలేదు. అన్నగారు కంగారులో బ్రేకు వేసి, ఎలాగో పక్కకి తీశాడు. గుడ్డ కిందనుంచి మేం పాక్కుంటూ బయటికి వచ్చేసరికి నెత్తి నుంచి నడుం దాకా గోధుమరంగు పొడి. చెల్లి రోడ్డు పక్క రెయిలింగు పట్టుకుని వంగిపోయి ఊపిరి లాగుతోంది. ఆ చప్పుడు లారీల చప్పుడులో కూడా వినబడింది. తన సంచిలోంచి ఆయాసం మందు గొట్టం తీసి నేనే నోటికి అందించాను.

అలాగే, ఆ పొడి ఒంటితోనే, తన గేటు దగ్గర దింపాం. ఆ ఇంటి మేడం గేటు దగ్గరే నిలబడి ఉంది. చెల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

సాయంత్రం చెల్లి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి. "అక్కా... మేడం ఖలాస్ అందండి. ఇంక ఫ్రైడే లేదంట. నేనేం మాట్లాడలేపోయానండి. మీరేం కంగారు పడకండి, ఆయ్."

కప్పు నేను బాగు చేయిస్తాను చెల్లీ, అని ఒక మెసేజ్ పెట్టి, చెప్పులేసుకుని అన్నగారి బిల్డింగ్‌కి నడిచాను.

ఆయన మెట్ల మీదే ఎదురయ్యాడు. సంగతి చెప్పాను. కళ్ళు మూసుకుని ఒక నిమిషం నిలబడ్డాడు.

"శోధన అమ్మా ఇది. ఆ బిడ్డ ఆత్మలో ఎదుగుతోందని సాతానుకి ఓర్వలేనితనం. మూడు రోజులు ఉపవాసం పెడదాం."

"శోధన కాదండి, జిగురు," అన్నాను.

"ఏంటమ్మా?"

"జిగురండీ. కుళ్ళిపోయిన స్పాంజి మీద జిగురు కొట్టాం. అది ఊడి ఆ పిల్ల నెత్తిన పడింది. సాతానుకి ఇందులో ఏ పనీ మిగల్చలేదు మనం."

"నోరు జాగ్రత్తమ్మా. విశ్వాసురాలివి."

"విశ్వాసురాల్నే కాబట్టి అడుగుతున్నా. ఒక్క శుక్రవారమైనా మీరు వెనక సీట్లో కూర్చున్నారా?"

"బండి నడిపేది నేను కదమ్మా, వెనకెలా కూర్చుంటాను?"

"పోనీ కీబోర్డు మీద ఎప్పుడైనా పొడి పడిందా? పడుంటే ఆ వారమే షాపుకి తీసుకెళ్ళేవారు."

ఆయన ముఖం ఎర్రబడింది. నాకన్నా పెద్దవాడు, వాక్యం చెప్పేవాడు. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నా గొంతు ఎక్కడిదాకా వెళ్ళిందో నాకు తెలుసు, తగ్గించలేదు. ఏడాది. ఏడాదిపాటు ఒక ఆయాసపు పిల్లని ఆ పొడి కింద కూర్చోబెట్టి, ఊపిరి పొయ్యమని దేవుణ్ణి అడిగే పాటలు పాడించాం. అది తలుచుకుంటే గొంతు ఎలా తగ్గుతుంది?

"రేపు మీకు సెలవే కదండీ," అన్నాను. "పొద్దున్న ఎనిమిదికి కింద ఉంటాను."

శనివారం ఎనిమిదికి కీబోర్డు తీసి వెనక సీట్లో ఆ గుడ్డకుప్ప పక్కన పెట్టి, ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆయన చూశాడు. కారు తీశాడు.

మబేలా సనాయ్యాలో, అంటే ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో, గ్యారేజీల వరసలో, కారు సీట్లు కుట్టే షాపు ఒకటి ఉంది. నడిపేది కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం పెద్దమనిషి. మా షాపుకి దారం కోసం అప్పుడప్పుడు వస్తాడు, అలా తెలుసు. కారులోకి తల పెట్టి చూశాడు.

"ఏందన్నా ఇది? పెండ్లి పందిరి కూలినట్టుండాదే! ఎవురు జేసినారు?"

అన్నగారు గొంతు సవరించుకున్నాడు. "మేమే."

"మీరేనా? సదువుకున్నోళ్ల మాదిరి ఉండారే! సరే గానీ అన్నా, ఒగసారి ఎనక సీట్లో కూర్చో. ఆ మూల గుడ్డ పట్టుకో, నేను ఈ పక్కనుంచి లాగుతా."

ఎవరూ అనుకుని చేసింది కాదు. అన్నగారు వెనక సీట్లో కూర్చుని చేతులు పైకెత్తాడు. షాపాయన బయటనుంచి టాపు మీద అరచేత్తో నాలుగు దెబ్బలు చరిచాడు. మిగిలిన పొడంతా ఆయన బట్టతల మీద, కళ్ళజోడు మీద, తెరిచిన నోట్లో పడింది. తుమ్మాడు. దగ్గాడు. బయటికి రాబోతే, "ఉండు, ఉండు, ఇంగొంచెం ఉండాది," అని ఇంకో రెండు చరిచాడు. నాకు సంతోషం వేసింది. ఆ పాపాన్ని కూడా ఇక్కడే రాసేస్తున్నాను.

హ్యాండిళ్ళు, లైటు, ఎండ తగలకుండా దించుకునే పలకలు, తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు, అన్నీ వరసగా విప్పి, సీటు వెనక్కి వాల్చి, కప్పు అట్టని ముందు తలుపులోంచి వంచకుండా బయటికి తీశాడు. రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, తీగ బ్రష్షు చేతికి తీసుకున్నాడు. నేనూ ఒకటి తీసుకున్నాను.

"ఆగు తల్లీ." షాపులోంచి ఒక శుభ్రమైన గుడ్డ ముక్క తెచ్చి ఇచ్చాడు. "ముక్కుకు కట్టుకో. ఈ దుమ్ము మంచిది గాదు."

కట్టుకున్నాను. ఆ దుమ్ము చూసిన కాసేపట్లోనే పరాయి మనిషికి తోచింది. ప్రతి శుక్రవారం ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేసుకునే మాకు ఏడాదైనా తోచలేదు.

గంటన్నర గీకాం. అట్ట గరుకుగా, శుభ్రంగా బయటపడింది. షాపాయన చెమట తుడుచుకుంటూ, ఎవరికీ ప్రత్యేకంగా చెప్పకుండా అన్నాడు: "పుచ్చిపోయిన దాని మీద కొత్త గుడ్డ ఏసినారు. అది నిలబడ్తాదా? పడేటప్పుడు పాతదాన్ని గూడా పీక్కొని పడతాది. ముందుకన్నా పెద్ద చినుగు."

అన్నగారు నేల చూశాడు. నేనూ చూశాను. పాతబట్టకి కొత్త మాసిక ఎవడూ వెయ్యడనీ, వేస్తే చినుగు మరింత పెద్దదవుతుందనీ ప్రభువు చెప్పిన ఉపమానం మా సంఘంలో సండే స్కూలు పిల్లలకి కూడా కంఠస్థం. జనవరిలో అన్నగారు దాని మీద ముప్పావు గంట మాట్లాడాడు, మూడు పాయింట్లుగా. నా నోటుపుస్తకంలో మూడూ ఉన్నాయి, కింద గీతలు కొట్టి మరీ. బట్టలు కుట్టి బతికే నాకైనా, ఆ మాట బట్ట గురించి కూడా అని తట్టలేదు. ఆత్మ గురించి, పాత స్వభావం గురించి, పరలోకం గురించి అనుకున్నాం. ఆ వాక్యం ఎన్నడూ వినని మనిషి దాన్ని బ్రష్షు పట్టుకుని పాటిస్తున్నాడు.

కాసేపటికి అన్నగారు చొక్కా చేతులు మడిచి, నా చేతిలో బ్రష్షు తీసుకుని మిగిలిన అంచు తనే గీకాడు.

వెనక స్పాంజి అతికి ఉన్న బూడిదరంగు గుడ్డ షాపులోనే ఉంది. కొలిచి, నాలుగు పక్కలా బెత్తెడు వదిలి, నేనే కత్తిరించాను. ఎండకి కరగని డబ్బా జిగురు అట్టకీ, గుడ్డ వెనకా బ్రష్షుతో పల్చగా పూసి, షాపాయన నమాజుకి వెళ్ళాడు. వచ్చాక వేలు ఆనించి చూశాడు. వేలికి అంటలేదు. "ఇప్పుడు," అన్నాడు. మధ్యలోంచి మొదలుపెట్టి, అరచేత్తో అంచుల వైపు, ఒక్క బుడగ లేకుండా దిద్దుకుంటూ వెళ్ళాం. ఆ కాసేపూ నాకు కోపం లేదు. తిరిగి కారు ఎక్కాక మళ్ళీ వచ్చింది.

"కీబోర్డు ఇకనుంచి డిక్కీలో పెడతానమ్మా," అన్నాడు అన్నగారు దారిలో. రోడ్డు వైపే చూస్తూ, "తప్పయింది," అన్నాడు.

"నాతో కాదండి," అన్నాను.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున్నే చెల్లి ఇంటి గేటు ముందు కారు ఆపాం. అన్నగారూ నేనూ దిగాం. బెల్లు కొట్టాను. మేడం వచ్చింది. ఆవిడకి హిందీ వచ్చు, అరబ్బీ కలిపి మాట్లాడుతుంది. కప్పు కొత్తది వేయించామనీ, చూడమనీ చెప్పాను. ఆవిడ వెనక తలుపు తెరిచి, లోపలికి వంగి, కప్పు మీద వేలు ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసింది. వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు.

"పని బాగుంది," అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఆ రోజు పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేను. ముక్కుకి మాస్కు పెట్టి గాలి మందు పట్టారు. రెండు గంటలు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మీవాళ్ళ నుంచి ఫోన్ వస్తుందని చూశాను. ఒక్కరైనా చేశారా?"

గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. ఫోన్ ఎవరూ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. కప్పు బాగు చేయిస్తానన్నాను గానీ, ఎలా ఉన్నావని అడగలేదు. వారమంతా నేను కోపంతో తీరిక లేకుండా ఉన్నాను.

తల వంచుకున్నాను. పక్కన అన్నగారు, "మాఫ్ కీజియే మేడం. తప్పు నాది," అన్నాడు. అద్దం వైపు చూసి కాదు, మనిషిని చూసి.

"ఈ వారం పంపను," అంది మేడం. "ఛాతీ ఇంకా తేరుకోలేదు. డాక్టర్ మళ్ళీ చూడాలి. తర్వాత సంగతి తర్వాత. మళ్ళీ వచ్చినప్పుడు కారు గురించి చెప్పకండి. పిల్ల గురించి అడగండి."

ఆవిడ వెనక, వంటింటి తలుపు దగ్గర చెల్లి నిలబడి ఉంది. ముఖం పీక్కుపోయింది. చెయ్యి ఊపింది. "అక్కా, పాటలు రికార్డు చేసి పంపండి, ఆయ్," అంది. ఆ 'ఆయ్' సగంలో దగ్గులో పోయింది.

ఇప్పుడు వెనక ముగ్గురం కూర్చుంటున్నాం, ముగ్గురికీ బెల్టు ఉంది. ముందు సీటు ఖాళీగానే ఉంటోంది. అందులో ఎవరినైనా కూర్చోమనడానికి అన్నగారికి ఇంకా నోరు రాలేదు, నేను వచ్చే వారం అడక్కుండా కూర్చుంటాను. కప్పు గట్టిగా ఉంది. రెండో చరణం ఎత్తుకునేవాళ్ళు లేరు. రోజూ సాయంత్రం మేడం ఫోన్‌కి చేసి పిల్ల ఎలా ఉందని అడుగుతున్నాను. ఇది రాస్తున్న రోజుకి డాక్టర్ ఇంకా సరే అనలేదు.

చదువుతున్న మీరు ఏ ఊళ్ళో, ఏ సంఘంలో ఉన్నా సరే, నాతో కలిసి అడగండి. ఆకాశాన్ని పట్టుకున్న దేవా, ఈ పిల్ల ఛాతీలో ఊపిరి పట్టుకో. ఆమెకి తన శుక్రవారం తిరిగి ఇయ్యి. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆ ఇల్లాలిని దీవించు. నా కోపం చల్లార్చమని అడగను ప్రభువా, ఆ కోపంలో నన్ను ఫోన్ చెయ్యడం మరిచిపోనివ్వకు. ఇది ఎక్కువసేపు పట్టే ప్రార్థన కాదు. కళ్ళు మూసుకునే ముందు మీ వెనక సీట్లో ఎవరున్నారో, వాళ్ళ నెత్తి మీద ఏం రాలుతోందో ఒకసారి తిరిగి చూడండి. చూసి వచ్చి, మాతో కలవండి.